ఆమె అచ్చులో నా వేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం గదికంటే కాళ్ళ గది పెద్దది. నాలుగు గోడలకీ అరలు, అరల నిండా వేల పాదాలు అని మా సంస్థ వార్షికోత్సవాల్లో చెబుతుంటాను. విన్నవాళ్ళు నోరెళ్ళబెడతారు. నిజానికి అది కొట్టు వెనక రేకుల వసారా. అరలు మూడంటే మూడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వాటి మీద ఉన్న పాదాలు నలభైకి మించవు. అయితే ఆ నలభై పాదాల్ని చూసి నేను పడ్డ కుళ్ళు మాత్రం, ఎంత పెంచి చెప్పినా తక్కువే అవుతుంది.

మా తాతయ్య సాలూరు నుంచి అరకు ఎక్కి వచ్చిన షావుకారు. ఉప్పు, కిరసనాయిలు, ముతక బట్ట అమ్మేవాడు. ఒక వర్షాకాలం ఆయన సరుకు బండి ఘాటు మలుపులో తిరగబడి, బండి వెంట నడుస్తున్న కొండ మనిషి కాలు దాని కింద నలిగిపోయింది. మోకాలి కిందకి తీసెయ్యాల్సి వచ్చింది. తాతయ్య ఆ మనిషిని మా ఇంట్లోనే ఉంచుకుని, వడ్రంగిని పిలిపించి కర్రకాలు చేయించాడు. అది నప్పలేదు. రెండోది విరిగింది. మూడోది పుండు చేసింది. నాలుగోదానితో ఆయన లేచి నడిచాడు. నడిచి తన ఊరికి వెళ్ళిపోకుండా మా వసారాలోనే కూర్చుని మిగతావాళ్ళకి కాళ్ళు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆయనే మా మేస్త్రి. తరవాత్తరవాత పోలియో పిల్లలు, చెట్టు మీంచి పడ్డవాళ్ళు రావడం మొదలైంది. ఉప్పు కొట్టన్న పేరు పోయి, సంతకొచ్చే జనం మా ఇంటిని కాళ్ళ కొట్టు అనడం అలవాటు చేసుకున్నారు.

కాళ్ళ కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. ఎవరొచ్చినా ముందు తాతయ్య వాళ్ళ కాళ్ళు తనే కడిగేవాడు. వెడల్పాటి చెక్క పళ్ళెంలో బంకమన్ను మెత్తగా పిసికి పరిచి, పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని అందులో అద్దేవాడు. ఆ అచ్చు నీడన ఆరాక మేస్త్రి దాన్ని చూసుకుంటూ బూటు లోపలి మెత్త, ఎత్తుపల్లాలు కుట్టేవాడు. కొండ ఊళ్ళ వాళ్ళు రోజుల తరబడి మా దగ్గర కూర్చోలేరు కదా. మనిషి వెళ్ళిపోయినా అచ్చు ఉంటుంది. "మడిసి మొగమాటానికి బాగుందంతాడు. మన్ను అనదు" అనేవాడు తాతయ్య. పని అయ్యాక కూడా ఆ అచ్చు పారెయ్యకుండా, పుల్లతో పేరూ ఊరూ గీసి అర మీద పెట్టేవాడు. అది మా ఇంటి గౌరవం.

ఆ అరల మీద లేని పాదాలు ఆ ఇంట్లో నావే.

నా పాదం కూడా పెట్టమని ఎన్నిసార్లు అడిగానో. తాతయ్య నవ్వి, "నీకేటి రోగంరా గుంటడా, దుక్కలాగున్నావు. పో, ఆడుకో" అనేవాడు. ఎనిమిదేళ్ళవాడికి అది ఆశీర్వాదంలా వినపడదు. నా ఊహ తెలిశాక ఆయన నా కాలు పట్టుకున్న గుర్తు లేదు. ముల్లు గుచ్చుకుంటే నాయనమ్మ తీసేది. ఊరూ పేరూ లేనివాళ్ళ కాళ్ళు మాత్రం ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేవాడు. ఒక వారం పాటు నేను కుంటి నటించాను కూడా. బ్రహ్మాండంగా నటించానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గానీ, పొద్దున్న ఎడమ కాలు, సాయంత్రం కుడి కాలు కుంటేవాణ్ణని నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పి నవ్వేది.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల వచ్చింది. డుంబ్రిగుడ అవతల రెండు కొండలు దాటితే వాళ్ళ ఊరు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పోలియో వచ్చి కుడి పాదం లోపలికి తిరిగిపోయింది, ఆ పాదం బయటి అంచు మీద నడిచేది. వాళ్ళ నాన్న కావడి బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చాడు, రెండో బుట్టలో సమబరువుకి చోళ్ళ మూట పెట్టి. ఆయన సంగతి ముందే తేల్చేశాడు. మా ఊరి ఆశ్రమ పాఠశాలలో సీటు ఇచ్చారు, కానీ హాస్టలుకీ బడికీ మధ్య గెడ్డ, అదే కొండవాగు, ఉంది, పిల్ల తన కాళ్ళ మీద దాటగలిగితేనే ఉంచుకుంటామన్నారు. "బడి తెరిసిన సోమారం గెడ్డ దాటితే బడికి. దాటకపోతే ఇంటికి తీసుకుపోతాను సావుకారూ. మల్లీ మల్లీ ఇంత దూరం మొయ్యలేను" అన్నాడు.

నెల రోజులు ఆమె మా ఇంట్లో ఉంది. నెల రోజులూ తాతయ్యకి నేను కనిపించలేదు. తెల్లారితే ఆమె కాలికి నూనె. ఆ తరవాత పెరట్లో రెండు వెదురు బొంగుల మధ్య నడక. నేర్చుకోవడానికని మేస్త్రి కర్ర అడుగుతో ఒక మోటు బూటు చేసి, దానికి మోకాలి దాకా ఇనప కడ్డీలు బిగించాడు. పెరటి మట్టిలో పనికొచ్చేదే గానీ రాళ్ళ మీద నిలవదు. బడికి వెళ్ళే అసలు బూటు తరవాత చేస్తామన్నారు. ఆమె పది అడుగులు వేసిన రోజు తాతయ్య కొట్టు మూసేసి బెల్లం పంచాడు. నేను మూడో ఎక్కం దాకా తప్పు లేకుండా అప్పజెప్పిన రోజు ఎవరూ ఏమీ పంచలేదు. అక్కా అని పిలవమని నాయనమ్మ చెప్పింది. నేను పిలవలేదు. ఏయ్ అని కూడా పిలవలేదు.

ఆమెకి నా కడుపుమంట తెలుసు. దాన్ని దాచనివ్వకపోవడం ఆమెకి సరదా.

"సావుకారి గుంటడా, ఇవేల ఏ కాలు కుంటన్నావు?" అనేది, బొంగులు పట్టుకుని నిలబడి. "ఎడంది నిన్న అయిపోనాది కదా."

బడికి ఇంకా పది రోజులున్నాయనగా ఆమె అచ్చు తీశారు. దుక్కుల రోజులు, ఇంట్లో చంటిదాన్ని చూసుకోవడానికి మనిషి లేదని వాళ్ళ నాన్న ఆ పూటే ఆమెని తీసుకుపోయాడు. మేస్త్రి తోలు కోసం సాలూరు దిగాడు. పచ్చి అచ్చు వెనక వసారా నీడలో ఆరుతోంది. మధ్యాహ్నం, తాతయ్య గల్లా దగ్గర కునుకు తీస్తున్నాడు. నేను వెళ్ళి అచ్చు ముందు నిలబడ్డాను.

ఈ కథ నేను ఎప్పుడైనా ఇంట్లో చెప్పాల్సి వస్తే, పిల్లవాణ్ణి, సరదాకి పక్కన నా కాలు కూడా పెట్టాను, కొంచెం తగిలింది అని చెబుతాను. పళ్ళెంలో పక్కన బోలెడు చోటుంది. నేను పక్కన పెట్టలేదు. ఆమె పాదం మీదే నా కుడి పాదం పెట్టి, బరువంతా దాని మీద వేసి నిలబడ్డాను. చల్లటి మన్ను వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. హాయిగా అనిపించింది. ఆ సంగతి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు వచ్చిన మేస్త్రి అచ్చు చూసి తాతయ్యని కేకేశాడు. లోపలికి తిరిగి ఉండాల్సిన పాదం తిన్నగా ఉంది! ఇద్దరూ ఆ పళ్ళాన్ని వెలుగులోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశారు. మన్ను అబద్ధం చెప్పదని నమ్మినవాళ్ళు. నెల రోజుల నూనె, నడక ఫలించాయనుకున్నారు. అచ్చు అద్దుతున్నప్పుడే తన చేతికి కాలు కొంచెం లొంగినట్టు అనిపించిందని తాతయ్య అన్నాడు. నాయనమ్మని పిలిచి చూపించాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరికేది కాదు. అంతకంటే కష్టమైనదీ దొరికేది కాదు. తెరవలేదు. మేస్త్రి ఆ అచ్చు ప్రకారం తిన్నటి పాదానికి బూటు కుట్టాడు.

ఆమె గురువారం సాయంత్రం మళ్ళీ కావడిలో వచ్చింది. శుక్రవారం సంత, సోమవారం బడి. కొత్త బూటు తొడిగారు. నల్లటి తోలు, మెరిసే కడ్డీలు. ఆమె లేచి పెరడు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఎలా ఉందని అడిగితే బాగుందంది. మళ్ళీ నడవమంటే నడిచింది. నన్ను చూసి ఒక్క మాటా వేళాకోళం చెయ్యలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా.

శుక్రవారం పొద్దున్న పెరటి అరుగు తుడుస్తూ నాయనమ్మ కేక పెట్టింది. సిమెంటు మీద ఎర్రటి మరకలు, వరసగా, బొంగుల వైపు. ఆ పిల్ల ఎవరూ లేవకముందే లేచి ఆ బూటుతో నడక నేర్చుకుంటోంది. విప్పితే మేజోడు పుండుకి అంటుకుపోయి ఉంది. పాదం బయటి అంచంతా ఒరుసుకుపోయింది.

"సెప్పలేదేమే గుంటా?" అంది నాయనమ్మ, ఏడుస్తూ.

"సెప్తే నడవలేదని మా అయ్య తీసుకుపోతాడు" అంది ఆమె. ఆమె ఏడవలేదు.

తాతయ్య బూటులోకి చెయ్యి పెట్టి తడిమాడు. అర మీది అచ్చు తీశాడు. చాలాసేపు చూశాడు. మా ఇంట్లో నా ఒక్కడికే కుడి పాదంలో బొటనవేలికంటే పక్క వేలు బాగా పొడుగు. అది గొప్ప జాతకమని నాయనమ్మ అందరికీ చూపించి మురిసేది. ఆ గొప్ప జాతకం ఆ మట్టిలో అరంగుళం లోతున పడి ఉంది.

"ఇలారా" అన్నాడు. వెళ్ళాను. నన్ను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, కింద గొంతుక్కూర్చుని, నా కుడి కాలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతులు నేననుకున్నంత మెత్తగా లేవు, ఉప్పు బస్తాలు మోసిన చేతులు. నా పాదాన్ని మెల్లిగా ఆ ఎండిన అచ్చులో పెట్టాడు. సరిగ్గా అమరింది. నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది అదే. అది అలా తీరింది.

కొట్టలేదు. తిట్టలేదు. ఆమె పాత కర్ర బూటు తెచ్చి నా కాలికి తొడిగి, మోకాలి దాకా కడ్డీలు బిగించి, చేతిలో చెంబు పెట్టాడు. "గెడ్డకెళ్ళి నీలట్టుకురా. దాని కాలు మీద కాలెట్టావు కదా, దాని బూటుతో నడు."

ఈ నడక గురించి మీలో కొందరు వినే ఉంటారు. ఎనిమిదేళ్ళ పసివయసులోనే వాళ్ళ బాధ ఏమిటో తెలుసుకోవాలని, ఎవరు వద్దన్నా వినకుండా, స్వయంగా ఇనప కడ్డీలు బిగించుకుని మూడు మైళ్ళు నడిచానని నేను వేదికల మీద చెబుతాను. చప్పట్లు బాగా పడతాయి. మొదటిసారి చెప్పినప్పుడు అది ఒక మైలు. ఏటా కొంచెం పెరిగింది. ఆ గెడ్డ మా ఇంటికి సంత వీధి అవతలే. కేకేస్తే వినపడుతుంది.

కానీ అది సంత రోజు. పసుపు, చింతపండు, కోళ్ళ గంపల మధ్యనుంచి వెళ్ళాలి. మూడో అడుగుకే నా పాదం లోపలికి తిరిగిపోయింది. ఆమె కాలికి నప్పేలా చేసినది నా కాలికి నరకమైంది. బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు అయ్యో అన్నారు. "ఏటైనాది సావుకారూ, మీ గుంటడికి?" అని ఎవరో అరిస్తే, కొట్టు గుమ్మంలోంచి తాతయ్య, "ఏటీ నేదు. ఆడికి అర మీద సోటు గావాలట. నడవనీండి" అన్నాడు. సంత సంతంతా నవ్వింది.

నవ్వుని భరించాను. భరించలేనిది వెనకనుంచి వచ్చింది. కట్టు కట్టిన కాలు చాపుకుని వీధి అరుగు మీద కూర్చున్న ఆ పిల్ల నాకు నడక నేర్పుతోంది.

"మడమ మీద కాదు, పక్కనెయ్యి! నడుం తిప్పు! అలగ కాదు సావుకారి గుంటడా, కోడిలాగ ఎగరకు!"

గెడ్డ దిగే చోట పడ్డాను. చెంబు దొర్లిపోయింది. లేవడం రాలేదు. అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను. కాసేపటికి పక్కన చప్పుడైంది. ఆమె చేతుల మీద ఆనుకుని, నేల మీద జరుగుతూ అంత దూరం వచ్చేసింది, కట్టు తడవకుండా కాలు పైకెత్తి పట్టుకుని. సంతలో ఎవరూ అయ్యో అని ఉండరు. ఆమె అలా రావడం వాళ్ళకి అలవాటే.

"ఎందుకు సేసినావు?" అంది.

"తాతయ్య నా కాలు ఎప్పుడూ పట్టుకోడు" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా తిన్నటి కాళ్ళ వైపు చూసింది. నేను అర వైపు ఎలా చూసేవాడినో అలాగే చూసింది. అంత దగ్గరగా ఇంకొకరి ముఖంలో నా కుళ్ళుని నేనెప్పుడూ చూడలేదు.

"నాకు కాలు బాగుంతే నీ తాత నన్నూ పట్టుకోడు" అంది. "మార్సుకుందుమా?"

ఆమె దొర్లిన చెంబు అందుకుని నా చేతికిచ్చి, రాయి మీద ఎక్కడ అడుగెయ్యాలో చూపించింది. ఆమె చెప్పినట్టే వేశాను. నీళ్ళు ముంచాను. ఇంటికి చేరేసరికి చెంబులో సగమే ఉన్నాయి.

ఆ సగం నీళ్ళతోనే తాతయ్య నా చేత బంకమన్ను పిసికించాడు. రాళ్ళు ఏరించాడు, మెత్తబడేదాకా మళ్ళీ మళ్ళీ పిసికించాడు. ఆమె పుండుకి గుడ్డ చుట్టి, పాదం తనే పట్టుకుని కొత్త అచ్చు తీశాడు. అప్పుడు మేస్త్రితో అన్న మాట నాకు బాగా గుర్తు. తప్పు పిల్లాడొక్కడిదే కాదు, మనకి కావలసింది మన్నులో కనిపించేసరికి మురిసిపోయి పిల్ల కాలు మళ్ళీ చూడలేదు, బూటులో చెయ్యైనా పెట్టలేదు అన్నాడు. ఆ రోజునుంచి మా దగ్గర కొత్త పద్ధతి వచ్చింది. ఏ బూటైనా ఇచ్చేముందు ఇచ్చేవాడి చెయ్యి వేళ్ళ దాకా లోపలికి వెళ్ళాలి. వేసుకున్నవాళ్ళు నడిచాక విప్పించి కాలు చూడాలి. బాగుందన్న మాట లెక్కలోకి రాదు.

మేస్త్రి రెండు రోజులు కూర్చుని ఆదివారానికి బూటు పూర్తి చేశాడు. సోమవారం ఆమె గెడ్డ దాటింది. పుండు మానలేదు, రెండుసార్లు ఆగింది. వెనకాల వాళ్ళ నాన్న ఖాళీ కావడి భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆమె రేకు పెట్టె మోసింది నేను. అవతలి గట్టు మీద హాస్టలు పిల్లలందరూ నిలబడి కేరింతలు కొట్టారు. నిజం చెప్పాలంటే, పెట్టె మోసినవాణ్ణి ఒక్కడూ చూడలేదే అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.

తరవాతి కథ ఈ కొండల్లో చాలామందికి తెలుసు. ఆమె చదువుకుని, పట్నంలో ఈ పనే నేర్చుకుని, మా వసారాకే తిరిగొచ్చింది. మేస్త్రి ముసలివాడయ్యాక ఆయన పీట ఆమెదైంది. తాతయ్య పోయేముందు కాళ్ళ గది తాళంచెవి నాకు కాక ఆమెకిచ్చాడు. ఆ సంవత్సరమంతా నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఉపన్యాసాలు నావి, పని ఆమెది. వసారా ఇప్పుడు పెద్ద భవనం. గాజు పలక మీద నిలబడితే చాలు, పాదం కంప్యూటరులో కనిపిస్తుంది. మా అమ్మాయి అదంతా చూసుకుంటుంది. ఆ పాత అచ్చు మాత్రం అద్దాల బీరువాలో ఉంది, ఒక పాదం మీద ఇంకో పాదం. సంస్థాపకుడి మనవడు సంఘీభావంగా పెట్టిన ముద్ర అని నేనే కింద రాయించాను. నేను మూడు మైళ్ళ కథ చెప్పినప్పుడల్లా ఆమె ముందు వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొడుతుంది. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అది కూడా నాకు కడుపుమంటే. అంత బరువు మోసి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఈ మధ్య సుగరు వల్ల నా పాదాలు మొద్దుబారాయి. గాజు పలక మీద నిలబడబోతే ఆమె వద్దంది. మన్ను తెప్పించింది. డెబ్భై దాటిన మనిషి, కింద కూర్చోవడం తన వల్ల కాదు. నన్నే ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, నా కాలు కడిగి, రెండు చేతులతో పట్టుకుని అచ్చులో అద్దింది. పొడుగు వేలు ముందుగా దిగింది.

"ఇవేల ఏ కాలండీ బాబూ?" అంది.

అర మీద ఇప్పుడు నాకు నిజంగా చోటుంది. పేరూ ఊరూ ఆమే గీసింది. బీరువా కింద రాత కూడా తీయించి అసలు సంగతి రాయించాను. ఆమే రాయించమందని ఇక్కడ మొదట రాశాను గానీ, కొట్టేశాను. ఆమె అలా అననేలేదు.

బూటు తయారయ్యాక ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి వేళ్ళ దాకా లోపలికి పోనిచ్చి, చుట్టూ తడిమి, ఏదో తగిలితే తీసి, మళ్ళీ తడిమింది. ఇప్పుడు రోజూ పొద్దున్న తొడుక్కునేముందు నేనూ అలాగే చేస్తాను. గుచ్చుకున్నా నా కాళ్ళు నాకు చెప్పవు. అందుకని ముందు చెయ్యి పెట్టి చూసుకుంటాను. చూసుకుంటూ, ఎవరూ వినకుండా, అక్కా అంటాను.